తేనె మాడిన పెనం

మా తమ్ముడు దుబాయ్‌లో షెఫ్. ఎల్లారెడ్డిలో మా వాడకట్టు మొత్తానికి ఈ సంగతి తెలుసు. తెలియని వాళ్ళు ఎవరైనా మిగిలితే మా అవ్వ వాళ్ళ దర్వాజ దాకా పోయి చెప్పి వచ్చేది. అవ్వ అంటే మా అమ్మే. మా ఇళ్ళలో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. తెల్ల టోపీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, వెనక తళతళలాడే స్టీలు పొయ్యిలతో తమ్ముడు దిగిన ఫోటో ఒకటి ముందు గదిలో దేవుడి పటాల వరసలోనే వేలాడేది. దేవుళ్ళకు పండగ ముందు దుమ్ము దులిపేవారు. ఆ ఫోటోకు రోజూ దులిపేవారు.

ఇంత పెద్ద షెఫ్ చేతి వంట మేమెవరమూ తినలేదు. సెలవుల మీద వచ్చినప్పుడల్లా మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకునేవాడు తప్ప, ఒక్క గుడ్డు పగలగొట్టి అట్టు వేసిన పాపాన పోలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగితే, డాక్టర్ ఇంటికొచ్చి కూడా సూదులు వేస్తాడా అక్కా అన్నాడు. అవ్వకు ఆ జవాబు తెగ నచ్చింది. దాన్ని కూడా వాడకట్టంతా తిప్పింది. వాడి భార్య, అంటే మా మరదలు, పొద్దున జొన్నరొట్టెలు, మధ్యాహ్నం కోడికూర, రాత్రికి మళ్ళీ ఇంకోటి వండి పెడితే వాడు తిని, ఉప్పు తక్కువైందని చెప్పేవాడు. షెఫ్ కదా, నాలుకకు తెలుస్తుంది మరి.

ఆమధ్య వాడు ఇక తిరిగి పోనని వచ్చేశాడు. అక్కడి ఎండ పడటం లేదన్నాడు. అన్నేళ్ళు పడిన ఎండ ఇప్పుడు ఎందుకు పడకుండా పోయిందో మాకెవరికీ అర్థం కాలేదు గానీ, మనిషి ఇంట్లో ఉంటే అదే చాలనుకున్నాం. బస్టాండు దగ్గర బాపుకు ఒక మల్గి ఉంది. మల్గి అంటే దుకాణం గది. ఒక షట్టరు, ముందర రెండు మెట్లు, అంతే. దాన్లో చెప్పుల దుకాణం నడుపుకునే అతను ఖాళీ చేసి బిచ్కుందకు వెళ్ళిపోతున్నాడు. ఆ మల్గి తనకిస్తే హోటల్ పెట్టుకుంటానని తమ్ముడు అడిగాడు.

వేరే తండ్రి అయితే కొడుకు అడిగాడు కదా అని ఇచ్చేసేవాడు. మా బాపు ఎద్దును కొనాలన్నా పళ్ళు చూసి, నాగలికి కట్టి రెండు సాళ్ళు దున్నించి గానీ బేరం ఆడని మనిషి. అందరి ముందే తేల్చేశాడు.

“ముందుగాల వండి పెట్టు. తిని చూస్త. మంచిగుంటె మల్గి నీది. లేకుంటె మల్ల దుబాయ్ పో.”

నేను మరదలి ముఖం చూశాను. పెళ్ళయినప్పటి నుంచి వాడితో కలిసి ఉన్న రోజులన్నీ కూడితే ఆమెకు ఏడాదైనా అవుతుందో లేదో. వాడు మళ్ళీ విమానం ఎక్కకుండా ఆగాలంటే ఆ మల్గి ఒక్కటే దారి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె మాత్రం కంచాలు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి తమ్ముడికి ఏ కూరలోనూ ఉప్పు తక్కువ కాలేదు.

మా బాపును మెప్పించడానికి ఏం వండాలి? నాటుకోడి కోసి, ఎండుకొబ్బరి, ధనియాలు నూరి కూర పెడితే ఆయన రెండు ముద్దలు తినేసరికే మల్గి చేతికి వచ్చేది. మా వాడికి అది చాలా చిన్న పనిగా కనబడింది. సాసేజీలు చేస్తానన్నాడు. కోడిమాంసాన్ని మెత్తగా రుబ్బి, వేలంత లావున గొట్టాల్లా చేసి, గడ్డ కట్టించి ప్యాకెట్లలో అమ్ముతారే, అవి. వాటిని ఉల్లిగడ్డ, రంగురంగుల క్యాప్సికం, ఆపిల్ ముక్కలతో కలిపి ఒకటే పెనంలో వేయించి, పైన తేనె, ఆవాల సాసు వేస్తే తియ్యతియ్యగా, కారంకారంగా ఉంటుందట. ఒకటే పెనం, ఒకటే పొయ్యి, కడగడానికి గిన్నెలే ఉండవు అని పదే పదే చెప్పాడు. వంట సంగతి అడిగితే కాస్త తడుముకునేవాడు గానీ, ఆ గిన్నెల మాట మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు.

పెనం కూడా వాడిదే. దుబాయ్ నుంచి వచ్చే వాళ్ళు కంబళ్ళు, సెంటు సీసాలు, టీవీలు తెస్తారు. మా షెఫ్ గారు సూట్‌కేసు నిండా బట్టల మధ్య చుట్టి ఒక ఇనుప పెనం మోసుకొచ్చారు. పొడుగాటి పిడి, ఎత్తైన అంచు, ఎత్తితే చేయి విరిగే బరువు. అవ్వ దాన్ని రొట్టెల పెంక అనుకుని పొయ్యి మీద పెట్టబోతే, వాడు చంటిపిల్లను లాక్కున్నట్టు లాక్కున్నాడు.

సరుకులు తెచ్చే భాగ్యం నాకు దక్కింది. నేను కామారెడ్డిలో ఉంటాను కాబట్టి, అక్కడి పెద్ద దుకాణంలో సాసేజీలు దొరుకుతాయి కాబట్టి, ఆడబిడ్డకు ఆదివారం వేరే పని ఏముంటుంది కాబట్టి. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ ఉండటం ఆయన అదృష్టం. దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి ఆ ప్యాకెట్లు చూసి, పిల్లల బర్త్‌డేనా మేడం అని అడిగింది. మల్గి కోసం పరీక్ష అని ఎట్లా చెప్పను? అవునమ్మా అన్నాను. ప్యాకెట్లను మంచుగడ్డలతో పాటు టిఫిన్ డబ్బాలో పెట్టి, పాత తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. తాడ్వాయి దాటేసరికి మంచు కరిగి నా చీర తడిసింది. లింగంపేట వచ్చేసరికి పక్కన కూర్చున్నామె నన్నొకసారి, డబ్బానొకసారి చూసి తన సంచిని అవతలికి జరుపుకుంది. తమ్ముడి హోటల్ పెద్దదయ్యాక ఈమెను మాత్రం రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇంటికి చేరేసరికి తమ్ముడు కొత్త ఏప్రాన్ కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తీరా చూస్తే తేనె లేదు. దగ్గుకు వాడే చిన్న సీసాలో అడుగున కొంచెం ఉంది. అది చాలదని బండి తీసుకుని బజారుకు పోయాడు. నేనూ, మరదలూ వరండాలో కూర్చుని క్యాప్సికం తరుగుతున్నాం. ఎరుపు, పసుపు రంగుల క్యాప్సికం మా ఇంట్లోకి రావడం అదే మొదలు. వాటిని చూసిపోవడానికి పక్కింటి వాళ్ళు కూడా గోడ మీద నుంచి తలలు పెట్టారు. అంతలో లోపల కుక్కరు కూత పెట్టింది.

మరదలు కత్తిపీట వదిలేసి లేచింది. పొయ్యి మీద తనేమీ పెట్టలేదంది.

పెట్టింది అవ్వ. మాంసమనేది ఇంట్లోకి వస్తే పసుపు, ఉప్పు వేసి రుద్ది రుద్ది కడగాలి, కుక్కర్లో కూతలు రావాలి. ఈ రెండూ జరగని మాంసం మా అవ్వ లెక్కలో పచ్చిమాంసం. అవి ముందే ఉడికించి అమ్ముతారని మరదలు చెప్పబోయింది. ఎవరు ఉడికించారో, ఏ గిన్నెలో ఉడికించారో, చేతులు కడుక్కున్నారో లేదో మనకు తెలుసా అని అవ్వ అడిగింది. కొడుకు పని తేలిక చేశానని ఆమె సంబరం. ఆవిరి దిగాక మూత తీసి చూశాం. సాసేజీలు ఒక్కొక్కటీ రెండింతలు ఉబ్బి, నడుమ పగిలి, పసుపు నీళ్ళలో తేలుతున్నాయి. కొన్ని అడుగున అంటుకుపోయాయి.

తేనె సీసాతో వచ్చిన తమ్ముడు కుక్కర్లోకి తొంగి చూశాడు. ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. అరవలేదు, తల పట్టుకోలేదు. సరేలే అవ్వా, ఉన్నదానితోనే చేస్తానన్నాడు. ఇంత శాంతం వీడికి ఎక్కడి నుంచి వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను. గల్ఫు మనిషిని మార్చేస్తుందంటారు, నిజమే కాబోలు అనుకున్నాను.

పెనం పొయ్యెక్కింది. మంట పూర్తిగా పెంచేశాడు. నూనె వేయలేదు, ఉల్లిగడ్డ వేయలేదు, ముందుగా తేనె పోశాడు. మరదలు గొంతు తగ్గించి, తేనె ఇప్పుడేనా అని అడిగింది. పెద్ద హోటళ్ళలో ఇట్లనే అన్నాడు. తేనె బుసబుసమని పొంగి, ఎర్రబడి, చూస్తుండగానే నల్లబడింది. వంటిల్లంతా పొగ. ఆ పొగలోనే ఆపిల్ ముక్కలు పడ్డాయి, వాటి మీద క్యాప్సికం పడింది, దాని మీద ఆవాల సాసు సగం సీసా పడింది. మా వాడు గోడ వైపు తిరిగి జేబులోంచి ఫోన్ తీశాడు. ఫోన్లోంచి ఒకామె హిందీలో మంట తగ్గించమని గట్టిగా చెప్పింది. వీడు ఉలిక్కిపడి ఫోన్ నోరు మూశాడు, మంట మాత్రం తగ్గించలేదు. షెఫ్‌లు కూడా ఫోన్లు చూసుకుంటారేమో అనుకున్నాను. ఇంకోలా అనుకుంటే మరదలి ముఖం చూడలేను.

కడగడానికి గిన్నెలే ఉండని ఆ వంట పూర్తయ్యేసరికి కుక్కరు, జల్లెడ, తాంబాళం, చెంచాలు, గరిటెలు, గిన్నెలు, ఇంట్లో పేరున్న సామానంతా మురికయింది.

దీపాలు పెట్టే వేళకు బాపు చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. తమ్ముడు పెనాన్ని అట్లాగే తెచ్చి చాప మీద నడుమ పెట్టాడు. అందరూ దాంట్లోంచే వడ్డించుకోవాలట, అదీ పద్ధతి. ఆ పద్ధతి విని అవ్వ చాప కాలుతుందని గోనెసంచి తెచ్చి కింద వేసింది. బాపు ఒక సాసేజీ ముక్క రొట్టెలో చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. నేను కూడా తిన్నాను. మొదట చేదు తగిలింది, తర్వాత తీపి, ఆ తర్వాత పసుపు వాసన, ఆ తర్వాత నీళ్ళు. ఆపిల్ ముక్కలు ఎటు పోయాయో తెలియలేదు. బాపు నమిలాడు, మింగాడు, ఇంకొకటి తీసుకున్నాడు. మరదలు తలుపు పక్కన నిలబడి కొంగు అంచు మడత పెడుతోంది, విప్పుతోంది.

చివరికి బాపు నీళ్ళు తాగి, ఇది కొడుకు తప్పు కాదన్నాడు. అవ్వ కుక్కర్లో పెట్టి ఖరాబు చేసిందన్నాడు. వచ్చే ఐతారం, అంటే ఆదివారం, మళ్ళీ చేయమన్నాడు, ఈసారి పొయ్యి దగ్గరికి ఎవ్వరూ పోవద్దన్నాడు. ఎద్దుకు కూడా రెండో సాలు దున్నే అవకాశం ఇచ్చే మనిషే కదా. అవ్వ తల దించుకుని తప్పు తనదేనంది. తమ్ముడు, అవును మరి, గట్ల చేస్తరా అవ్వా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తేనెను బొగ్గు చేసింది అవ్వా? మంట తగ్గించొద్దని కుక్కరు చెప్పిందా? కానీ మరదలు అప్పటికే ఊపిరి పీల్చుకుని కంచాలు తీస్తోంది. ఇంకో వారం దొరికింది ఆమెకు. ఆ ముఖం చూసి నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే మా వాళ్ళు నమ్మరు, అయినా అదే జరిగింది.

అంతటితో అయిపోవాలి. వాడు ఊరికే కూర్చుంటే అయిపోయేది కూడా.

పెనంలో తేనె తారులా పట్టుకుపోయింది. రాత్రంతా నాననిస్తే పొద్దున తను తోముతానని మరదలు అంది. నానితే పెనం పాడవుతుందని వాడు దాన్ని తీసుకుని పెరట్లోకి పోయాడు. మా ఇంట్లో గిన్నెలు పీట వేసుకుని కూర్చుని తోముతారు. వాడు బట్టలుతికే బండ మీద పెనం పెట్టుకుని నిలబడ్డాడు. పెనం ఇంకా వేడిగా ఉండగానే మరిగే నీళ్ళు పోశాడు. అట్లకాడ అంచుతో ఒక్క చుట్టు తిప్పాడు, నల్లటి పెచ్చులు లేచి వచ్చేశాయి. గుప్పెడు దొడ్డుప్పు చల్లి కొబ్బరిపీచు అందుకున్నాడు. పీచు పట్టుకున్న చెయ్యి కదపలేదు, రెండో చేత్తో పెనాన్నే గిరగిరా తిప్పాడు. మేం ఇంకా కంచాలు తేవడం పూర్తి కాలేదు, పెనం అద్దంలా అయిపోయింది. దాన్ని పక్కన పెట్టి, ఎవరూ అడగకుండానే జల్లెడ తీసుకున్నాడు, తర్వాత తాంబాళం, తర్వాత కంచాలు. కంచానికి ముందు ఒక రుద్దు, వెనక ఒక రుద్దు, నీళ్ళలో ఒక ముంపు, ఒక విదిలింపు. పెద్దది కింద, చిన్నది పైన, ఒక గిన్నె ఇంకో గిన్నెకు తగిలిన చప్పుడు లేదు. పొయ్యి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తచ్చాడిన మనిషి, ఇక్కడ కళ్ళు మూసుకున్నా పని ఆగదన్నట్టున్నాడు. వాడి భుజాలు కూడా కిందికి దిగి నిమ్మళంగా ఉన్నాయి. అందరం చూస్తూ నిలబడిపోయాం. వాడు మమ్మల్ని గమనించలేదు.

నోరు పుక్కిలించడానికి చెంబుతో వచ్చిన బాపు గడప దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు.

“ఎన్నేండ్లు కడిగినవ్ ర?” అని అడిగాడు.

తమ్ముడి చేతులు ఆగాయి. తల ఎత్తలేదు.

“అక్కడున్నన్నేండ్లు, బాపు.”

అవ్వ గడప మీద కూలబడింది. వంట దిక్కు ఎప్పుడూ పంపలేదా అని అడిగింది. పంపలేదన్నాడు. మొదటి నెలలోనే ఫోన్లో నిజం చెబుదామనుకున్నాడట, అప్పటికే అవ్వ వాడకట్టంతా చెప్పేసిందట. ఆ టోపీ ఎవరిదని నేను అడగలేదు. నాకు కోపం వచ్చింది. నాకైనా చెప్పలేదే దొంగ సచ్చినోడు అని కోపం. వాడు పొద్దస్తమానం ఎవరివో ఎంగిలి కంచాలు తోముతుంటే మేమిక్కడ ఫోటోకు దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నామని ఏడుపు. ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

బాపు చెంబు కింద పెట్టాడు. అట్లయితే వచ్చే ఐతారం వండే పని లేదన్నాడు, మల్గి ముచ్చట అయిపోయిందన్నాడు. తమ్ముడు తల ఊపాడు. దుబాయ్ పంపే ఏజెంటు ఫోన్ చేస్తూనే ఉన్నాడని, నెల తిరిగేలోపు పోతానని గిన్నెలకు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు.

మరదలు లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకుని నేను వెనకే కదిలాను. ఆమె కుక్కరు తీసుకుని ఎదురొచ్చింది. అడుగున సాసేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. దాన్ని తెచ్చి మొగుడి ముందు బండ మీద ఠక్కున పెట్టింది.

“ఇది గూడ కడుగు,” అంది.

తర్వాత బాపు వైపు తిరిగింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మామ ముందు నిలబడి ఆమె ఒక మాట మాట్లాడగా నేను చూడలేదు. ఏం కావాలన్నా అవ్వతో చెప్పించేది. ఇప్పుడు కొంగు భుజం మీదికి లాక్కుని నేరుగా ఆయన ముఖంలోకి చూసింది.

“మల్గి నాకియ్యిండ్రి మామా. వండెటందుకు నేనున్న, కడిగెటందుకు ఈయనున్నడు. తిని చూస్త అన్నరు గద, పెండ్లయిన కాడికెల్లి తింటనే ఉన్నరు.”

ఆమె చేతి కూర బాగుందని బాపు ఏనాడూ అనలేదు. వంక పెట్టిందీ లేదు. రెండోసారి వడ్డించుకోవడం మాత్రం ఏ పూటా మానలేదు. అవ్వ నోరు తెరవబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. చెంబు మళ్ళీ తీసుకున్నాడు, పుక్కిలించాడు, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

“వచ్చినోళ్ళకు ఏం పెడ్తవ్ బిడ్డా?” అని అడిగాడు.

బాపు ఆ ఇంట్లో ఆమెను ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.